బడి సరే, మామ్మకెంత దూరం?

"మాస్టారూ, ఇక వచ్చేద్దామనుకుంటున్నాం. అన్నీ కుదిరాయి, పిల్లల బడి దగ్గరే తెగట్లేదు."

ఈ మాట వినకుండా ఈ మధ్య నాకు నెల గడవటం లేదు. ఒకరు డల్లాస్ నుంచి, ఒకరు న్యూజెర్సీ నుంచి, ఇంకొకరు దోహా నుంచి. అందరూ ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చెప్పించుకున్నవాళ్లే. గుడివాడ, పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ పిల్లలు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేశాక ఈ ఫోన్లు మరీ పెరిగాయి. అడిగే ప్రశ్న ఒక్కటే: హైదరాబాదా, విజయవాడా? అడిగే తీరు చూస్తే జవాబు వాళ్ల దగ్గర అప్పటికే ఉన్నట్టు తెలిసిపోతుంది. నా చేత ఊఁ అనిపించుకోవడానికే ఫోన్ చేస్తారు.

ఒకతను తను వేసుకున్న పట్టిక కూడా పంపించాడు. ఎడమవైపు హైదరాబాదు, కుడివైపు విజయవాడ. ఐబీ బళ్లెన్ని, కేంబ్రిడ్జి బళ్లెన్ని, తరగతికి ఎంతమంది పిల్లలు, ఈతకొలను ఉందా, గుర్రపుస్వారీ నేర్పుతారా, ఎన్ని దేశాల పిల్లలు చదువుతున్నారు. ఇలా పదిహేను వరుసలు. పదిహేనింటిలోనూ హైదరాబాదే గెలిచింది. వాళ్లమ్మ నాగాయలంక దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఊసు ఏ వరుసలోనూ లేదు.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లలో పాతుకుపోయిన అభిప్రాయం ఇది: పిల్లలతో తిరిగొచ్చేవాడికి హైదరాబాదే దిక్కు. అక్కడ ఇంటర్నేషనల్ బళ్లున్నాయి కాబట్టి పిల్లలు దేశం మారిన సంగతి కూడా తెలియకుండా సర్దుకుంటారు. విజయవాడలో వేస్తే ర్యాంకుల రోట్లో తల పెట్టినట్టే. బందరు, గుడివాడ మాట ఎత్తనే అక్కర్లేదు. ఈ అభిప్రాయం తప్పని నేనంటాను. హైదరాబాదు బళ్లు మంచివి కావని నా వాదన కాదు. కన్నవాళ్లని కృష్ణా డెల్టాలో ఉంచుకుని, వాళ్ల కోసమే వస్తున్నామని చెప్పుకునే కుటుంబానికి అది తప్పు లెక్క అని నా వాదన. దత్తాంశంలో ముఖ్యమైనదాన్ని వదిలేసి మిగతావాటిని ఎంత శుభ్రంగా గుణించినా జవాబు తప్పే వస్తుంది.

ముందు దూరం సంగతి చూద్దాం. 65వ నంబరు జాతీయ రహదారికి ఒక కొస మా బందరు, ఇంకో కొస పుణే. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటితే విజయవాడ, అక్కణ్నుంచి అదే రోడ్డు పట్టుకుపోతే హైదరాబాదు. అంటే వీళ్లు తూకం వేస్తున్న రెండు నగరాలూ ఒకే రోడ్డు మీద రెండు మజిలీలు. బందరు నుంచి మొదటి మజిలీ సుమారు 70 కిలోమీటర్లు, రెండోది 340 పైచిలుకు. గుడివాడ నుంచి విజయవాడ ఇంకా దగ్గర. అవనిగడ్డ నుంచి కరకట్ట మీదుగా 60 పైన. విజయవాడ నడిబొడ్డున ఉన్న మహాత్మాగాంధీ రోడ్డుని జనం ఇవాళ్టికీ బందరు రోడ్డనే పిలుస్తారు. నగరానికీ మా ఊరికీ మధ్య ఉన్న చుట్టరికం అది.

ఈ రెండు దూరాల మధ్య తేడాని కిలోమీటర్లలో చూడకూడదు. మొదటిది వారానికోసారి వచ్చే దూరం. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని కారెక్కిస్తే సాయంత్రం కాఫీ వేళకి ఇంట్లో ఉంటారు. మామ్మకి జ్వరమని కబురొస్తే కొడుకు ఆ పూటే వస్తాడు. రెండోది సంక్రాంతికి వచ్చే దూరం. రాత్రి బందరులో రైలెక్కితే తెల్లారి సికింద్రాబాదు, నిజమే. రెండేళ్లు తిరిగేసరికి ఆ రైలు ఎవరెక్కుతున్నారో చూడండి. ముసలివాళ్లే ఎక్కుతున్నారు. అమెరికా నుంచి రెండేళ్లకోసారి వచ్చినవాడు హైదరాబాదు నుంచి ఏడాదికి రెండుసార్లు వస్తున్నాడు. ఇంత సంసారాన్ని కట్టగట్టుకుని సముద్రాలు దాటొచ్చింది ఆ కాస్త తేడా కోసమా?

ఇప్పుడు ఆ 'ఇంటర్నేషనల్' అన్న మాట దగ్గరికి వద్దాం. అలాంటి బడి అసలు ఎవరి కోసం పుట్టింది? 1924లో జెనీవాలో నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం ఒక బడి పెట్టారు. తండ్రికి మూడేళ్లకోసారి దేశం మారే ఉద్యోగం, పిల్లవాడికి దేశం మారినప్పుడల్లా పుస్తకం మారకూడదు. ఆ అవసరంలోంచే 1968లో అదే జెనీవాలో ఐబీ అనే పరీక్షల సంస్థ వచ్చింది. మన దగ్గరా అంతే. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వెలిశాక, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన శాస్త్రజ్ఞుల పిల్లలకి అలాంటి బడి కావాల్సి వచ్చింది. రేపు నైజర్‌కో ఫిలిప్పీన్స్‌కో వెళ్లిపోయే పిల్లవాడికి తెలంగాణ చరిత్ర కంటే ఎక్కడైనా చెల్లే పాఠ్యక్రమం ముఖ్యం. మంచి ఆలోచనే. ఆ పని ఆ బళ్లు చక్కగా చేస్తాయి కూడా. అయితే అది మళ్లీ విమానం ఎక్కేవాళ్ల కోసం కట్టిన బడి. మీరు దిగడానికి వస్తున్నారు. దిగి, ఇక్కడే ఉండి, ఇక్కడి మనుషుల్లో కలవడానికి వస్తున్న పిల్లవాడిని, ఏ నేలా అంటకుండా పెంచడానికి పుట్టిన బడిలో వేయడం ఏం తర్కం?

పిల్లలకి దేశం మారిన దెబ్బ తెలియకుండా ఉంటుందని అంటారు. ఎన్నాళ్లు? ఆ బళ్లో పక్కన కూర్చునేవాడు కూడా కాలిఫోర్నియా నుంచి వచ్చినవాడే. బస్సు ఏసీ, తరగతి ఏసీ, ఇల్లు గేటెడ్ కమ్యూనిటీ. మూడేళ్లు గడిచినా పిల్లవాడు ఇంకా విమానాశ్రయంలో ఉన్నట్టే ఉంటాడు. ముప్ఫై ఏళ్లు పిల్లల మధ్య గడిపినవాణ్ని, ఒకటి చెప్తాను. ఐదో తరగతి లోపు వచ్చిన పిల్లలు మామూలు బడిలో ఆర్నెల్లలో కలిసిపోతారు. మొదటి నెల ఏడుస్తారు, రెండో నెల పేచీ పెడతారు, మూడో నెలకి "మా క్రికెట్ టీమ్‌కి నేనే కీపర్" అంటారు. ఆ ఒక్క నెల ఏడుపు చూడలేని తల్లిదండ్రులు, ఆ ఏడుపుని ఏళ్ల తరబడి సాగదీస్తున్నారు.

తర్వాతి మాట అమెరికా కాలేజీల గురించి. ఐబీ చదివితేనే అక్కడ సీటొస్తుందని ఎవరో వీళ్ల చెవిలో వేశారు. సీబీఎస్ఈ చదివి అమెరికా వెళ్లిన పిల్లలు ప్రతి ఏడూ కళ్లెదుటే కనిపిస్తున్నా నమ్మరు. ఐబీలో పెద్ద మార్కులు తెచ్చుకుంటే అక్కడి కాలేజీలు కొన్ని సబ్జెక్టులకి క్రెడిట్లు ఇస్తాయి, కాదనను. కానీ ఆ చదువుకయ్యే ఖర్చుని తేల్చేవి వేరే. అక్కడ పుట్టిన పిల్ల అయితే పాస్‌పోర్టు ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో ఫెడరల్ సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, విజయవాడలో చదివినా, కోకాపేటలో చదివినా. మరి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సొంత రాష్ట్రం పిల్లలకిచ్చే తక్కువ ఫీజు? తల్లిదండ్రులు కాపురం ఎత్తేసి వచ్చిననాడే అది సాధారణంగా చెయ్యి జారిపోతుంది. ఏటా లక్షలు పోసి కొన్న ఏ బోర్డూ దాన్ని తిరిగి తెచ్చిపెట్టదు.

ఇక్కడి చదువుల సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. పట్టికలో పదిహేను వరుసలు రాసుకున్నతను కూడా ఇది రాసుకోలేదు.

ఒకే ఇంట్లో పెద్దవాడు గుడివాడ ఆస్పత్రిలో పుట్టి ఉంటాడు, చిన్నది డల్లాస్‌లో పుట్టి ఉంటుంది. ఒకే కంచంలో తినే ఈ ఇద్దరికీ ఇక్కడ రెండు చట్టాలు. అమెరికా పౌరురాలైన చిన్నదానికి, విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు నీట్, జేఈఈ లాంటి పరీక్షలు రాయొచ్చు గానీ ఎన్నారై సీట్లకీ, అదనంగా సృష్టించే సీట్లకీ మాత్రమే అర్హులు. ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకి పాత హక్కులు పోవని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ పిల్ల విషయంలో ముందు చూడాల్సింది బడి బోర్డు కాదు, కార్డు మీది తేదీ.

ఇక భారత పౌరుడైన పెద్దవాడు. గల్ఫ్ నుంచి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఈ కోవలోకే వస్తారు, అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం ఇవ్వరు కాబట్టి. వీళ్లకి వర్తించేది 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివితే పిల్లవాడు అక్కడ స్థానికుడు. అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవే. విభజన చట్టం 95వ సెక్షన్ ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు కూడా 2024 జూన్ 2తో తీరిపోయింది. ఇప్పుడు ఆలోచించండి. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తాతగారి ఊళ్లో ఉన్న ఆ కాలేజీలో, హైదరాబాదులో నాలుగేళ్లు చదివొచ్చిన మనవడు స్థానికేతరుడు. బోడుప్పల్‌లో అద్దెకున్నా, ఓటు పామర్రులో ఉన్నా, పొలం పాస్‌పుస్తకం మొవ్వలో ఉన్నా, లెక్కలోకొచ్చేది ఆ నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లే. హైదరాబాదులోనే స్థిరపడదలుచుకున్నవాళ్లు అక్కడ స్థానికులవుతారు, వాళ్లకి బాధ లేదు. ఊరికి దగ్గరగా బతకాలని వచ్చి, పిల్లవాడిని ఆ ఊరికి చట్టప్రకారం పరాయివాణ్ని చేసుకోవడమే నాకు మింగుడుపడదు.

గల్ఫ్ కుటుంబాలకైతే అసలు ఈ హైదరాబాదు యావ ఎందుకో కూడా తెలియదు. దోహాలో, మస్కట్‌లో, కువైట్‌లో భారతీయ బళ్లు ఎక్కువగా సీబీఎస్ఈవే. అక్కడ ఏడో తరగతి చదివినవాడు విజయవాడలో ఎనిమిదో తరగతిలో కూర్చుంటే అవే పుస్తకాలు. అయినా పక్కవాళ్లు హైదరాబాదు వెళ్లారని వీళ్లూ వెళ్తారు.

విజయవాడ మీద వేసే నింద ఒకటుంది, దాన్ని దాటేసి పోను. ఆ నింద నిజం. ర్యాంకుల కార్ఖానాలు ఈ గడ్డ మీదే పెరిగాయి. రెసిడెన్షియల్ చదువులంటే ఒకప్పుడు గుడివాడ పేరే చెప్పేవాళ్లు. ఇప్పుడు గూడవల్లి, నిడమానూరు వైపు వెళ్తే జాతీయ రహదారి పక్కన హాస్టల్ భవనాలు వరసగా కనిపిస్తాయి. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా కూర్చోబెట్టే చదువు ఎలాంటిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చదువు చదివొచ్చిన పిల్లల కళ్లు నేను చూశాను. ఆరో తరగతి పిల్లవాడికి ఐఐటీ ఫౌండేషన్ అని పేరు పెట్టి ఆటల పీరియడ్ తీసేసిన బడిలో నేనూ కొన్నాళ్లు పని చేశాను, ఉండలేక మానేశాను. అందుకని ఆ వాదన చేసేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది.

కానీ ఆ భయంతో హైదరాబాదు పరిగెత్తేవాళ్లు ఒకటి గమనించడం లేదు. మాదాపూర్, కూకట్‌పల్లి, మియాపూర్ వీధుల్లో ఆ కార్ఖానాలే ఉన్నాయి, అవే పేర్లతో, అవే హోర్డింగులతో. ఇంటర్నేషనల్ బడిలో పదో తరగతి దాకా చదివించి, ఇంటర్‌కి భయపడి ఆ కార్ఖానాలోనే చేర్చినవాళ్లని నేనెరుగుదును. ఆ పిల్లవాడి పరిస్థితి మరీ దారుణం. పదేళ్లు ప్రాజెక్టులు చేసి, ప్రశ్నలడగడం నేర్చి, హఠాత్తుగా నోరెత్తనివ్వని గదిలో కూర్చోవాలి. ఏ నగరంలోనైనా ఆ గేటులోకి పిల్లవాణ్ని నడిపించేది తల్లిదండ్రులే. విజయవాడలో ఉన్నంత మాత్రాన ఎవరూ మెడ పట్టి లోపలికి తోయరు. నాలుగింటికి ఇంటికి పంపే పాత బళ్లు ఇక్కడున్నాయి. నిర్మల, అట్కిన్సన్, ఎన్ఎస్ఎం లాంటి పేర్లు రెండు తరాలుగా విజయవాడ ఇళ్లలో నలిగినవే. వాటిలో ఏది మీ పిల్లకి నప్పుతుందో నేను చెప్పను, వెళ్లి చూసుకోవాలి. చూసేటప్పుడు రిసెప్షన్‌లో సోఫాల్ని కాక, ఆటస్థలంలో సాయంత్రం ఐదింటికి పిల్లలున్నారో లేదో చూడండి. లెక్కల టీచరు ఆ బడిలో ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. ఏడాదికో టీచరు మారే బడికి ఏ బోర్డు తగిలించినా ఒకటే. లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గరుందో అడగండి. తెలుగు టీచరుతో ఒక పది నిమిషాలు మాట్లాడండి.

తెలుగు అన్నాను కాబట్టి, నా కడుపులో మంట కూడా చెప్పుకుంటాను. అమెరికాలో ఉన్నప్పుడు ఈ తల్లిదండ్రులే ఆదివారం పూట ముప్ఫై మైళ్లు కారు నడిపి పిల్లల్ని తెలుగు తరగతికి తీసుకెళ్లారు. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి ఆ పని చేస్తోంది. ఎందరో తల్లులు, తండ్రులు జీతం లేకుండా అక్కడ పాఠాలు చెప్తున్నారు, వాళ్లకి నా నమస్కారం. అదే కుటుంబం తెలుగు దేశానికి తిరిగొచ్చి, రెండో భాష కింద ఫ్రెంచో స్పానిషో తీసుకుంటుంది, మార్కులు బాగా వస్తాయని. పరాయి దేశంలో కాపాడుకున్నదాన్ని సొంత గడ్డ మీదికొచ్చి పారేసుకోవడం కంటే దుఃఖం ఏముంది? తెలంగాణలో 2018లో చట్టం చేశారు కదా, ఐబీ బళ్లతో సహా అన్నింటిలో తెలుగు తప్పనిసరి కదా అంటారు. మంచి చట్టం. అక్షరాలు వస్తాయి, వాచకం చదువుతారు. అయితే "ఏరా అబ్బాయ్, అన్నం తిన్నావా, ఇట్టా రా, మొహం పీక్కుపోయిందేం" అని మామ్మ అనే తెలుగు ఏ వాచకంలోనూ ఉండదు. అది ఆవిడ గొంతులోంచి ఆ పిల్లవాడి చెవిలోకి వారం వారం పడాలి.

విజయవాడ నుంచి అవనిగడ్డ పోయే దారిలోనే ఆ పిల్లలకి దొరికేది ఎంతుందో చూడండి. కరకట్ట మీద శ్రీకాకుళం వస్తుంది, ఆంధ్ర మహావిష్ణువు గుడి. కృష్ణదేవరాయలకి ఆముక్తమాల్యద రాయాలన్న సంకల్పం కలిగింది అక్కడేనని చెప్పుకుంటారు. ఆ పక్కనే ఘంటసాల, బౌద్ధ స్తూపం. కాస్త చుట్టు తిరిగి పామర్రు మీదుగా పోతే కూచిపూడి. డల్లాస్‌లో వేల డాలర్లు పెట్టి పిల్లకి నేర్పించిన నాట్యానికి పేరిచ్చిన ఊరు మామ్మ ఇంటికి పోయే రోడ్డు మీదే ఉంది. ఇంకా కిందకి పోతే పులిగడ్డ, మోపిదేవి, చివరికి హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు.

దివిసీమలో అరవై దాటిన ఏ మామ్మనైనా అడగండి, 1977 నవంబరు 19న ఎక్కడున్నావని. ఏ తాడిచెట్టు పట్టుకుని వేలాడిందో, ఏ డాబా మీద ఎంతమంది నిలబడ్డారో, నీళ్లు తీశాక ఎవరిని దేన్ని బట్టి గుర్తుపట్టారో చెప్తుంది. ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయిన రాత్రి అది. ఇంటర్నేషనల్ బడిలో వాతావరణ మార్పు మీద చక్కటి ప్రాజెక్టు చేయిస్తారు, రంగు కాగితాలతో, బాగానే ఉంటుంది. సొర్లగొంది వైపు తన సొంత మామ్మ ఉప్పెనలోంచి బతికి బయటపడిందని తెలియకుండానే ఆ పిల్ల ఆ ప్రాజెక్టుకి మొదటి బహుమతి తెచ్చుకుంటే ఆ చదువుని ఏమనాలి? ఇలాంటి కథ సంక్రాంతికి వచ్చిన మూడు రోజుల్లో బయటికి రాదు. ఏదో ఒక ముసురు పట్టిన ఆదివారం, కరెంటు పోయినప్పుడు, ఎవరూ అడగకుండానే వస్తుంది. అలాంటి ఆదివారాలు చాలా ఉంటే వాటిలో ఒక్కటి.

ముసలివాళ్లనే హైదరాబాదు తెచ్చుకుంటాం అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా అన్నయ్య గుర్తొస్తాడు. పదకొండేళ్ల కిందట మా అన్నయ్య కొడుకు న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చాడు. ఎక్కడ ఉండమంటావు బాబాయ్ అని నన్నే అడిగాడు. అందరూ అనేదే నేనూ అన్నాను, హైదరాబాదు అని. పిల్లవాడు రెండో తరగతి. పెద్ద బళ్లో చేర్పించారు. గుడివాడ దగ్గర పల్లెలో ఉన్న అన్నయ్యని, వదినని తీసుకెళ్లి పద్నాలుగో అంతస్తులో పెట్టారు. కొడుకూ కోడలూ బాగా చూసుకున్నారు, ఏ లోటూ చేయలేదు. కానీ తెల్లారగట్ల లేచి కాలవ గట్టున నడిచే మనిషి, వరి కోయకముందే చేలో మినుములు చల్లే రోజులు వచ్చాయేమోనని ఆకాశం చూసే మనిషి, పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి ఏం చూడాలి? పలకరిద్దామంటే పక్క ఫ్లాటు వాళ్ల తలుపు తెరుచుకోదు. మనవడు బడి బస్సు దిగేసరికి ఐదున్నర, ఆపైన ఈత, పియానో, హోంవర్క్. నాలుగు నెలలు చూసి, కౌలు లెక్కలు చూసుకోవాలిరా అని వంక చెప్పి బస్సెక్కాడు. డెల్టా తండ్రులందరూ చెప్పే వంకే అది. అన్నయ్య మళ్లీ వెళ్లలేదు.

ఐదేళ్లకి పోయాడు. మనవడు పెద్దకర్మకి వచ్చాడు. మంచి పిల్లాడు, పొడుగ్గా, నెమ్మదిగా. పందిట్లో నా పక్కన కుర్చీలో కూర్చుని, తాతకి ఒక తమ్ముడున్నాడట, ఎవరాయన అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. నేనే నాన్నా అని చెప్పాను. వాడి తప్పు లేదు, వాడి బడి తప్పు కూడా లేదు. ఎక్కడ ఉండమంటావని అడిగిన వాళ్ల నాన్నకి హైదరాబాదని చెప్పి పంపించిన నాది. ఈ వ్యాసం రాయడానికి నాకున్న హక్కు అదే.

బందరుకి చదువుల సంగతి ఎవరో బయటివాళ్లొచ్చి నేర్పాల్సిన గతి లేదని కూడా ఈ సందర్భంలో చెప్పాలి. రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1841లో ఇక్కడికి వచ్చి, 1843లో బడి పెట్టి, మళ్లీ స్వదేశం మొహం చూడకుండా 1865లో ఇక్కడే కన్నుమూశాడు. అదే ఇవాళ్టి నోబుల్ కాలేజీ. ఆ మనిషి మతం పని మీద వచ్చాడు, ఆ ఉద్దేశంతో నాకు పేచీ ఉంది. కానీ చదువు చెప్పేవాడు పిల్లలున్న చోట పాతుకుపోవాలని ఆయనకి తెలుసు. ఆ తర్వాత రెండు తరాలకి, ఇంగ్లీషు చదువు మాత్రమే చాలదనుకున్న ముగ్గురు స్నేహితులు, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, 1910లో ఇదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల తెరిచారు. పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం, చిత్రకళ. పింగళి వెంకయ్య అక్కడ పాఠాలు చెప్పారు. అడివి బాపిరాజు కొన్నాళ్లు ప్రిన్సిపాలుగా ఉన్నారు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఏళ్ల తరబడి ఓడలు దింపిన రేవు ఇది. ప్రపంచం అంటే ఏమిటో ఎరగని ఊరు కాదు. అలాంటి ఊళ్లో కూర్చుని ఆలోచించినవాళ్లు తమ కాలేజీకి పెట్టుకున్న పేరు 'జాతీయ'. పిల్లవాడు ముందు తన నేల మీద నిలబడాలి, అక్కణ్నుంచి ఎంత దూరమైనా చూస్తాడు అన్నది వాళ్ల నమ్మకం. వాళ్ల మునిమనవలు ఇవాళ 'అంతర్జాతీయ' అన్న ముక్క కోసం ఊరికి 340 కిలోమీటర్ల దూరం పారిపోతున్నారు.

హైదరాబాదు ఎవరికి తగిందో కూడా చెప్తాను, లేకపోతే నా వాదన మొండితనం అవుతుంది. పిల్లవాడికి ఆటిజం లాంటి ప్రత్యేకమైన అవసరం ఉంటే, ఆ వైద్యులు, ఆ చికిత్సలు, అలాంటి పిల్లలతో అలవాటున్న బళ్లు హైదరాబాదులో ఎక్కువ. అక్కడ మరో ఆలోచన పెట్టుకోకండి. పదో తరగతి దాకా అమెరికాలోనే చదివి, రెండేళ్లలో మళ్లీ అక్కడికే కాలేజీకి వెళ్లిపోయే పిల్లకి చదువు తెగకుండా ఆ రెండేళ్లూ అదే రకం బళ్లో ఉండటం న్యాయం. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగం గచ్చిబౌలిలోనే దొరికితే, అది బతుకుతెరువు, నేను కాదనలేను. వీళ్లు పోగా మిగిలినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంటి నుంచి పని చేసుకునేవాళ్లు, కూడబెట్టుకుని వచ్చేవాళ్లు, ఇక్కడ ఆస్పత్రో వ్యాపారమో పెట్టుకుందామనుకునేవాళ్లు, పిల్లలు ఇంకా పదేళ్లు దాటనివాళ్లు. నేను మాట్లాడుతున్నది వీళ్లతో. విజయవాడ బళ్లు హైదరాబాదు బళ్ల కంటే గొప్పవని వీళ్లకి నేను చెప్పడం లేదు. అవి చాలు అని చెప్తున్నాను. గొప్ప బడీ, సంక్రాంతికి కనిపించే మామ్మా ఒకవైపు. చాలినంత బడీ, వారం వారం కనిపించే మామ్మా ఇంకోవైపు. ఈ రెండింటిలో పిల్లని ఏది పెంచుతుందో ముప్ఫై ఏళ్లు చూశాను కాబట్టి తడుముకోకుండా చెప్పగలను.

పట్టిక పంపినతనికి నిన్న ఇలా రాశాను: "బళ్లు జూన్‌లో తెరుస్తారు. నువ్వు మార్చిలోనే ఒక వారం సెలవు పెట్టుకుని రా. గన్నవరంలో దిగి బళ్ల వైపు వెళ్లకు, ముందు నాగాయలంక వెళ్లు. రెండు రోజులు ఇంట్లో ఉండు. మూడో రోజు పొద్దున్నే పిల్లల్నీ, మీ అమ్మనీ కారెక్కించుకుని కరకట్ట మీదుగా విజయవాడ రా. ఏ బడి గేటు ముందు దిగినా మీ అమ్మని కార్లో కూర్చోబెట్టకు, లోపలికి తీసుకెళ్లు, ఆవిణ్నీ చూడనీ. మధ్యాహ్నానికి మూడు బళ్లు చూడొచ్చు. భోంచేసి బయల్దేరితే పొద్దుగూకేలోపు మళ్లీ నాగాయలంకలో ఉంటారు."